రెజిమెంట్ క్రెస్ట్ బోర్డు గీయాలంటే

విజయనగరం గంటస్తంభం దగ్గర నాది సైన్‌బోర్డుల షాపు. రిటైరై ఊరొచ్చిన జవాన్లు నెల్లిమర్ల, చీపురుపల్లి వైపు నుంచి వచ్చి, హాల్లో తగిలించుకోవడానికి తమ రెజిమెంట్ క్రెస్ట్, అంటే తమ పటాలం గుర్తు, గీయమంటుంటారు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే కుర్రాళ్ల కోసం రాస్తున్నాను.

ముందే గూగుల్ తెరవకండి. అందులో పాతవీ కొత్తవీ, ఎవరో సొంతంగా తయారు చేసినవీ కలిసిపోయి ఉంటాయి. "బాబాయ్, టోపీ బ్యాడ్జి దాచుకున్నారా?" అని అడగండి. చాలామంది దాచుకునే ఉంటారు. దాన్ని తెల్ల కాగితం మీద పెట్టి, నేరుగా పైనుంచి ఫోటో తీసి, ప్రింటు మీద గళ్లు కొట్టి బోర్డుకి ఎక్కించండి.

పెన్సిల్ పట్టే ముందు ఆ బొమ్మేమిటో తెలుసుకోండి. మద్రాస్ రెజిమెంట్‌ది డాలు మీద ఏనుగు, అడ్డంగా రెండు కత్తులు. 1803లో అస్సాయే దగ్గర, అంటే ఇప్పటి మహారాష్ట్రలో, బ్రిటిష్ సేనాని వెల్లెస్లీ కింద మరాఠా సేనలతో పోరాడిన మద్రాసు పటాలాలకి ఈస్టిండియా కంపెనీ ఇచ్చిన గుర్తు ఆ ఏనుగు. గుడి ఏనుగు కాదు కాబట్టి బ్యాడ్జిలో లేని నామాలు, గంటలు మనం పెట్టకూడదు.

వైద్య విభాగం వాళ్లది కర్రకి చుట్టుకున్న పాము. ఒక్కటే పాము! రెండు పాములు, రెక్కలు ఉన్నది వేరే గుర్తు. సైన్యంలో ఇంజినీర్ల నినాదమూ ఫిరంగి దళం నినాదమూ 'సర్వత్ర' అనే మాటే. ఫిరంగి వాళ్లకి 'ఇజ్జత్-ఓ-ఇక్బాల్' అదనం. తికమక పడితే బొమ్మలో ఫిరంగి ఉందేమో చూడండి, తేలిపోతుంది.

ఎవరైనా తాతగారి బ్యాడ్జి తెస్తే పైన కిరీటం కనబడొచ్చు. అది బ్రిటిష్ కాలంది. 1950 తర్వాత దాని స్థానంలో అశోకుడి సింహాలు వచ్చాయి. దేశభక్తి కొద్దీ తాతగారి కిరీటం చెరిపి సింహాలు వేయకండి. ఆయన పెట్టుకున్నది ఆ కిరీటమే కదా.

అసలు టెన్షన్ అక్షరాల దగ్గరే. మద్రాస్ రెజిమెంట్ వాళ్లు బొమ్మ కింద 'స్వధర్మే నిధనం శ్రేయః' అని దేవనాగరిలో రాయించుకుంటారు. భగవద్గీతలోని మాట అది. ఆ మాట రాసే రిబ్బన్ వంపుగా ఉంటుంది కనక ఎడమ నుంచి మొదలుపెడితే చివర్లో చోటు చాలదు. ముందు తలగీతని, అంటే అక్షరాల పైన సాగే గీతని, వంపు వెంట చాక్‌పీస్‌తో లాగండి. 'నిధనం' సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టి, అక్కడి నుంచి రెండు వైపులా వెళ్లండి. చివర విసర్గ చుక్కలు రెండూ విడివిడిగా కనబడాలి. లావు బ్రష్‌తో పెడితే అంటుకుపోతాయి, సన్న బ్రష్ తీసుకోండి. రంగులు మామూలే, గోల్డ్ కింద మాత్రం ఒక పూత పసుపు వేయండి.

అశోకుడి సింహాల రాజముద్ర ఒక్కటే గేటు మీద వేయమంటే నేను ఒప్పుకోను. దాని దుర్వినియోగం మీద 2005లో చట్టం వచ్చింది. ఏదైనా అనుమానం ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగమని పంపిస్తాను.

రంగు ముట్టే ముందు పెన్సిల్ బొమ్మ ఆ పెద్దాయనకి చూపించండి. ఆయనకి ఒక్కరికే. ఇంట్లోవాళ్లు చూస్తే ఏనుగుని ఇంకాస్త పెద్దది చేయమంటారు.