వానల ముందు ఇంటి వెదర్ స్టేషన్: బిగించే ముందు చూసుకోవాల్సినవి

జూన్ వానలు దగ్గరపడ్డాయి. విజయవాడలో మేడ మీద ఉష్ణోగ్రత, వాన కొలిచే వైర్‌లెస్ వెదర్ స్టేషన్ పెట్టుకునేవాళ్లు ఇవి గమనించండి.

• స్టేషన్ బిగించే పైపు ఎత్తేముందు కరెంటు తీగలు చూడండి. వన్‌టౌన్ ఇరుకు సందుల్లో అవి పిట్టగోడలకు దగ్గరగానే ఉంటాయి. ఇనప పైపు ఒరిగి తగిలితే ప్రాణం పోతుంది. ఉరుములు వినిపిస్తే పని ఆపి కిందికి దిగండి.

• ఉష్ణోగ్రత సెన్సార్ స్లాబుకు దగ్గరగా వద్దు. పగలంతా కాగిన కాంక్రీటు పొద్దుపోయాక కూడా వేడి కక్కుతుంది, రాత్రి రీడింగ్ కూడా తప్పుతుంది. పెరడుంటే అక్కడే మేలు: మట్టి నేలకు 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తులో, గాలి ఆడే తెల్ల కవచంలో. సెన్సార్లన్నీ ఒకే యూనిట్‌లో ఉంటే మేడ మీద వీలైనంత ఎత్తులో బిగించండి. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ పక్కన అసలే వద్దు.

• వాన కొలిచే గిన్నె మట్టంగా ఉండాలి. వాలితే లోపల నీరు నిండగానే ఒరిగి వానను లెక్కించే చిన్న బకెట్ లెక్క తప్పుతుంది.

• వాన గిన్నెకూ వాటర్ ట్యాంకుకూ మధ్య ట్యాంకు ఎత్తుకు రెండింతల దూరం వదలండి, లేదంటే గాలివానలో ట్యాంకు చినుకులకు అడ్డుపడుతుంది.

• పైకి ఎక్కించకముందే, ఇంట్లో రీడింగులు చూపే కన్సోల్‌తో జత చేయండి. డబ్బా మీది 100 మీటర్ల సిగ్నల్ లెక్క ఖాళీ మైదానానికే, స్లాబు అడ్డొస్తే బాగా తగ్గుతుంది.

• వైఫై 2.4 గిగాహెర్ట్జ్‌లో ఉంచండి. చాలా కన్సోల్‌లు 5ను పట్టుకోవు.

• గాలి పీడనాన్ని గన్నవరం విమానాశ్రయం రీడింగ్‌తో సరిచూసుకోండి.