గింజలు మాడకుండా దోరగా వేయించడం ఎలా

వేయించడంలో గింజలు పాడయ్యేది ఎక్కువగా తొందరపాటు వల్లే. మంట పెద్దదైతే పైతోలు మాడిపోతుంది, లోపలి పప్పు పచ్చిగానే ఉండిపోతుంది. అలాంటి గింజ నోట్లో వేసుకుంటే చేదు, పచ్చివాసన రెండూ తెలుస్తాయి. ముందు గింజలోని తేమ పోవాలి, ఆ తర్వాతే రంగు, కమ్మదనం వస్తాయి. తేమ ఉన్నంతసేపూ వేడంతా దాన్ని ఆవిరి చేయడానికే సరిపోతుంది కాబట్టి మొదటి రెండు మూడు నిమిషాలు మూకుట్లో ఏ మార్పూ కనిపించదు. చాలామంది మంట పెంచేది సరిగ్గా అప్పుడే. పెంచకండి.

అడుగు మందంగా ఉన్న మూకుడు తీసుకోండి. పలచటి గిన్నెలో మంట తగిలిన చోట మాత్రమే మాడుతుంది. నాన్‌స్టిక్ పాత్రనైతే ఖాళీగా వేడి చేయకూడదు, గింజలు వేశాకే పొయ్యి వెలిగించాలి. నూనె అవసరం లేదు, పాత్రలో తడి అసలు ఉండకూడదు. గింజలు అడుగున పలచగా పరుచుకునేంతే వేయండి. అడుగు 25 సెంటీమీటర్లు ఉంటే ఒక విడతకు 100 గ్రాముల నువ్వులు చాలు. కుప్పగా పోస్తే కింది గింజలు మాడతాయి, పైవి ఆవిరికి మెత్తబడతాయి.

నువ్వులు వేయించడం వస్తే మిగతావన్నీ వచ్చినట్టే. మూకుడు గోరువెచ్చగా ఉన్నప్పుడే వేసి, సన్న సెగ మీద అడుగంటా కలుపుతూ ఉండాలి. మూడో నిమిషం దాటాక ఒకటీ అరా చిటపటమంటాయి, లోపలి ఆవిరికి గింజ ఉబ్బి ఎగురుతుంది. అక్కడి నుంచి గరిటె ఆపకూడదు. మొత్తం ఐదు నుంచి ఏడు నిమిషాల్లో రంగు లేత గోధుమకు తిరుగుతుంది. రెండు గింజలు తీసి, చల్లారాక వేళ్ల మధ్య నలపండి: పొడిగా నలిగితే అయినట్టు, సాగినట్టు ఉంటే ఇంకో నిమిషం కావాలి. మీకు కావలసిన రంగుకు ఒక పాలు తక్కువగా ఉండగానే వెడల్పాటి పళ్లెంలోకి ఒంపేయండి. పొయ్యి ఆపి మూకుట్లోనే వదిలేస్తే ఆ వేడికే నల్లబడతాయి. ఎంతో జాగ్రత్తగా వేయించినవి కూడా ఈ ఒక్క చోటే పోతుంటాయి.

నల్ల నువ్వుల్లో రంగు కనిపించదు. వాటిలో ఒక చిటికెడు తెల్ల నువ్వులు కలపండి, అవి రంగు తిరిగితే ఇవీ వేగినట్టే. నువ్వుల్లో ఇసుక ఉంటే కడగక తప్పదు. నీళ్లలో వేసి పైపైన చేత్తో తీసుకుంటే ఇసుక అడుగున మిగిలిపోతుంది. తర్వాత గుడ్డ మీద పూర్తిగా ఆరబెట్టాలి. తడివి వేస్తే ఉండలు కట్టి మూకుడికి అతుక్కుంటాయి.

రెండు మూడు రకాలు కలిపి వేయించడం మంచిది కాదు. జీలకర్రకు రెండు మూడు నిమిషాలు చాలు, ధనియాలకు నాలుగైదు పడుతుంది. కలిపి వేస్తే ధనియాలు వేగేలోపు జీలకర్ర మాడి చేదెక్కుతుంది. మెంతులు ఎర్రబడగానే దించాలి. ఆ మాత్రం వేగితే చేదు కాస్త తగ్గుతుంది, ముదురు గోధుమకు వెళ్తే ముందుకంటే ఎక్కువవుతుంది. ఆవాలు నాలుగైదు పేలగానే సరి. గసగసాలకు మంట కూడా అక్కర్లేదు: మూకుడు వేడెక్కాక పొయ్యి ఆపేసి అందులో కలిపితే చాలు. అవిసె గింజలు సన్న సెగ మీద ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు చిటపటలాడి, ఆ చప్పుడు తగ్గాక కరకరలాడతాయి. గుమ్మడి గింజల పప్పు ఉబ్బి, అక్కడక్కడ గోధుమ మచ్చలు పడగానే తీయండి.

ఉప్పు విడిగా చల్లితే గింజకు పట్టదు, అడుగుకు జారిపోతుంది. ఒక కప్పు గుమ్మడి లేదా పొద్దుతిరుగుడు పప్పుకు అర చెంచా ఉప్పు, రెండు చెంచాల నీళ్లలో కరిగించి పెట్టుకోండి. గింజలు సగం వేగాక చల్లి, మళ్లీ తడి ఆరేదాకా వేయిస్తే ఉప్పు సన్నటి పొరలా అంటుకుంటుంది.

అరకిలోకు మించితే ఓవెన్ నయం. 160 డిగ్రీల సెల్సియస్ వద్ద ట్రేలో పలచగా పరిచి, ఐదు నిమిషాలకోసారి కలపండి. అంచుల్లోవి ముందు వేగుతాయి కాబట్టి కలిపినప్పుడల్లా వాటిని మధ్యకు లాగాలి. ఎనిమిదో నిమిషం నుంచి దగ్గరే ఉండి చూడండి.

పొడి చేయాలంటే పూర్తిగా చల్లారనివ్వండి. వేడి మీద తిప్పితే ఆవిరి నీరై, నూనె బయటికొచ్చి ముద్దవుతుంది. నువ్వులను ఆపి ఆపి, ఒక్కోసారి రెండు మూడు సెకన్లే తిప్పాలి.

సరిగా వేగనివాటిని మళ్లీ ఒక నిమిషం వేయించుకోవచ్చు. మాడినవాటిని మాత్రం పారేయాల్సిందే, మంచివాటిలో కలిపితే ఆ చేదు మొత్తానికీ పాకుతుంది. వేయించిన గింజల్లోని నూనె పచ్చివాటికంటే త్వరగా ముక్కిపోతుంది. అందుకే రెండు మూడు వారాలకు సరిపడా వేయించి, చల్లారాక పొడి సీసాలో గట్టిగా మూత పెట్టి, వెలుతురు తగలని చోట ఉంచండి. అవిసె పొడిని ఫ్రిజ్‌లోనే పెట్టాలి. వాడేముందు ఒకసారి వాసన చూడండి. పాత నూనె వాసన కొడితే ఇక కూరలో వేయకండి.