బేస్ గిటార్ ప్రీయాంప్: ఏ నాబ్ ఎంత తిప్పాలి

గదిలో ఒక్కరే వాయించుకుంటే అదిరిపోయిన బేస్, డ్రమ్స్, కీబోర్డు మొదలవగానే ఎటు పోయిందో తెలీదు. అప్పుడు చేయి బేస్ నాబ్ మీదకే వెళ్తుంది. కానీ పెంచాల్సింది మిడ్, అంటే మధ్య స్థాయి శబ్దాల నాబ్. ఇక్కడి లెక్కలు శాన్స్‌ఆంప్ బేస్ డ్రైవర్ డీఐ రెండో వెర్షన్‌వి; ఇది గిటార్‌కీ, ఆంప్ లేదా మిక్సర్‌కీ మధ్య పెట్టి టోన్ సర్దుకునే ప్రీయాంప్ పెడల్. డ్రైవ్ (గరగర), బ్లెండ్ (ఆ టోన్ అసలు సిగ్నల్‌లో ఎంత కలవాలో), మూడు బ్యాండ్ల ఈక్యూ (అడుగు, మధ్య, పై శబ్దాలకు బేస్, మిడ్, ట్రెబుల్ నాబ్‌లు) ఉన్న వేరే పెడల్ అయినా పద్ధతి ఇదే.

ముందు గిటార్ చూడండి. స్ట్రింగ్స్ పాతబడి మెరుపు పోతే, లేని ట్రెబుల్‌ను ఏ నాబూ తేలేదు. పెంచితే వచ్చేది 'సుస్స్'మనే శబ్దమే. చివరి ఫ్రెట్ నొక్కిపట్టి పికప్‌కీ స్ట్రింగ్‌కీ మధ్య దూరం కొలవండి: లావుపాటి E స్ట్రింగ్ వైపు సుమారు 3 మి.మీ., సన్నటి G స్ట్రింగ్ వైపు 2 మి.మీ. ఉంటే మొదలుపెట్టడానికి చాలు. గిటార్ మీద వాల్యూమ్, టోన్ పూర్తిగా తెరవండి. యాక్టివ్ బేస్ అయితే దాని సొంత ఈక్యూ మధ్యలో ఉంచండి.

ఇప్పుడు పెడల్‌లో బేస్, మిడ్, ట్రెబుల్ మూడూ 12 గంటల దగ్గర (గడియారం ముల్లులా, అంటే సరిగ్గా మధ్యలో) పెట్టి, బ్లెండ్ పూర్తిగా తగ్గించండి. ఆన్ చేసినా ఆఫ్ చేసినా వాల్యూమ్ ఒకేలా ఉండేట్టు లెవెల్ సర్దండి. ఈ పని ఎగ్గొట్టొద్దు. కాస్త గట్టిగా వినబడిందల్లా బాగున్నట్టే అనిపిస్తుంది, చెవి అలా మోసపోతుంది.

ఓపెన్ E స్ట్రింగ్ 41 హెర్ట్జ్. కానీ స్వరం చెవికి పట్టేది ఎక్కువగా 82 దగ్గర, ఆ పైన. అందుకే బేస్ నాబ్ ఏ హెర్ట్జ్ దగ్గర పనిచేయాలో ఎంచే బేస్ షిఫ్ట్ స్విచ్ 80లో ఉంచి, నాబ్ 1 గంట దాటనివ్వకండి. 40లో పెట్టి పెంచితే చిన్న స్పీకర్ కోన్ కొట్టుకుంటుంది, ఆంప్ బలమంతా వినబడని శబ్దానికే పోతుంది. ఐదు స్ట్రింగుల బేస్, మంచి సబ్‌వూఫర్లు రెండూ ఉంటేనే 40 పనికొస్తుంది.

అసలు పని మిడ్‌లో ఉంది. డ్రమ్స్, కీబోర్డు నడుస్తుండగానే తిప్పండి, ఒంటరిగా కాదు. మిడ్ షిఫ్ట్ స్విచ్ 500లో ఉంటే గొంతు లావుగా, గుర్రుమన్నట్టు వస్తుంది. 1000లో వేలి దెబ్బ స్పష్టంగా తెలుస్తుంది. 1 గంట నుంచి 2 గంటల మధ్య ఎక్కడో బేస్ ఒక్కసారిగా ముందుకొస్తుంది, అక్కడ ఆపండి. అదే సెట్టింగ్ ఒంటరిగా వింటే ముక్కుతో పాడినట్టుంటుంది, కంగారుపడొద్దు. ఇంకా బురదగా ఉంటే మిక్సర్‌లో స్వీప్ మిడ్‌ను (ఏ హెర్ట్జ్ దగ్గర పనిచేయాలో జరపగల మిడ్) పెంచి 150 నుంచి 400 హెర్ట్జ్ వరకు మెల్లగా జరపండి; ఎక్కడ ఎక్కువ బురదగా మోగితే అక్కడ 3–4 డీబీ తగ్గించండి. చర్చి బ్యాండ్‌లోనో పెళ్లి ఆర్కెస్ట్రాలోనో కీబోర్డు అన్న ఎడమచేత్తో కింది ఆక్టేవ్‌లు మోగిస్తుంటే మాత్రం నాబ్‌లతో లాభం లేదు. చేయి కాస్త పైకి జరపమని అడగండి.

తర్వాత డ్రైవ్ 10 గంటలకు, ప్రెజెన్స్ (పై మెరుపు) 10కి, బ్లెండ్ 11కి తీసుకురండి. బ్లెండ్ సున్నాలో ఉన్నప్పుడు ప్రెజెన్స్ తిప్పినా తేడా తెలీదు. పూర్తిగా పెంచితే క్లీన్ సిగ్నల్ పోయి అడుగు పలచబడుతుంది. మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే కొంచెం గరగరగా రావాలి. ఎలా మీటినా గరగరలాడితే డ్రైవ్ తగ్గించండి.

మిక్సర్‌కు ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్‌తో ఇచ్చేటప్పుడు చానల్ క్లిప్ లైటు (సిగ్నల్ మరీ ఎక్కువైందని చెప్పేది) వెలిగితే ముందు పెడల్ అవుట్‌పుట్ తగ్గించండి, ఆ తర్వాతే చానల్ గెయిన్. ఆంప్‌కు ఇస్తే, ఎఫెక్ట్స్ రిటర్న్ (ఆంప్ సొంత ప్రీయాంప్‌ను దాటేసే సాకెట్) ఉంటే అందులో పెట్టండి. ఆంప్ ముందువైపు ఇన్‌పుట్‌లో పెడితే టోన్ రెండు ప్రీయాంప్‌ల గుండా వెళ్లి ఉబ్బిపోతుంది. మిక్సర్, ఆంప్ రెండింటికీ ఒకేసారి కలిపినప్పుడే హమ్ వస్తుంటే అది గ్రౌండ్ లూప్, అంటే రెండు ఎర్త్ దారులు కలిసి చుట్టుగా మారడం. పెడల్ మీద గ్రౌండ్ విడదీసే స్విచ్ (గ్రౌండ్ లిఫ్ట్) వాడండి. ఆంప్ ప్లగ్ ఎర్త్ పిన్ పీకేయడం మాత్రం ప్రాణాంతకం, ఎవరు చెప్పినా వినొద్దు.

హాల్ మారినప్పుడు ముందు బేస్ నాబ్ ఒక్కటే ముట్టుకోండి. ఆంప్ గోడ మూలకు ఆనుకుని ఉంటే అడుగు శబ్దం దానంతటదే పెరుగుతుంది, 11కి దించితే సరిపోతుంది. మిడ్‌ను కదిలించనక్కర్లేదు.