ప్రోనోటులో అంకె దిద్దారని అనుమానమా? ఇలా చూడండి

ముందు ఆ కాగితాన్ని లామినేషన్ చేయించకండి, దండం పెట్టి చెబుతున్నా. ఆ వేడికి, జిగురుకి సగం సాక్ష్యం పోతుంది. వేలు తడిచేసి సిరా రుద్దడం, అనుమానమున్న అంకె చుట్టూ సున్నా చుట్టడం కూడా వద్దు.

భూతద్దం, టార్చి, షాపుల్లో దొంగనోట్లు పట్టే యూవీ లైటు చాలు. టార్చి వెలుగు ఏ రంగుదైనా పర్వాలేదు, ఫోన్ ఫ్లాష్ అయినా సరే. రెండు వైపులా ఫోటోలు తీసి, గది చీకటి చేయండి.

టార్చిని పక్కనుంచి, కాగితాన్ని ఆనుకున్నంత కిందుగా వేయండి. బాల్‌పెన్ను నొక్కిన గాళ్లు నీడతో సహా లేస్తాయి. 20,000 ముందు ఎవరైనా తర్వాత 1 చేర్చి ఉంటే ఆ ఒకటి ఇరుకులో దూరినట్టుంటుంది, గాడి లోతు కూడా పక్క అంకెలతో కలవకపోవచ్చు. యూవీ కింద, మందు పెట్టి చెరిపిన చోట మచ్చ వేరుగా మెరవవచ్చు. 1983లో హిట్లర్ రాసినవంటూ బయటికొచ్చిన డైరీలు నకిలీవని తేలడానికి ఒక కారణం, యుద్ధం అయిపోయాక వచ్చిన, యూవీ కింద మెరిసే తెల్లదనపు రసాయనం ఆ కాగితంలో ఉండటమే.

అసలు చిక్కు, సంతకం ముందా రాత ముందా అన్నది. అందరూ రెండు గీతలు దాటుకున్న చోట చూసి "ఇదే పైనుంది" అనేస్తారు. తప్పు! ముదురు సిరా కిందున్నా పైనున్నట్టే కనిపిస్తుంది, అది మన కంటి భ్రమ. దాని మీద ఆధారపడి కేసు వేయకండి. అంతకంటే మడత దగ్గర చూడండి. మడత పడ్డాక రాస్తే అక్కడ కాగితం పీచు విరిగి ఉంటుంది కాబట్టి ఇంకుపెన్ను సిరా అందులోకి పాకి పక్కలకు చిమ్ముతుంది, బాల్‌పెన్నైతే గీత తుళ్లుతుంది. ముందే రాసి ఉంటే మడతతో పాటు సిరా కూడా చిట్లుతుంది. దీన్నిబట్టి మడతకు ముందా తర్వాతా అన్నదే తెలుస్తుంది, తేదీ తెలియదు. ఒక్కచోట చూసి ఆగకండి, మడత పొడవునా ప్రతి అక్షరం చూడండి.

రంగు చూసి సిరా వయసు చెప్పేవాళ్లను నేను నమ్మను. మాచికాయ, అన్నభేదితో చేసిన పాత సిరా రాసేటప్పుడు లేతగా ఉండి గాలి తగిలాక నల్లబడుతుంది, ఏళ్లు గడిస్తే గోధుమ రంగుకు తిరుగుతుంది, అయితే కాగితాన్ని టీ డికాషన్‌లో ముంచినా పాతదానిలాగే కనిపిస్తుంది. సిరా రకం చూడండి, అది నయం. బాల్‌పెన్ను బజార్లోకి వచ్చిందే 1940లలో, కాబట్టి 1930 నాటి దస్తావేజులో బాల్‌పెన్ను రాత ఉంటే అది ఆనాటిది కాదు.

నిపుణుడి దగ్గరికి అసలు కాగితమే పట్టుకెళ్లండి, జిరాక్స్ కాదు. పోల్చడానికి అదే ఏడాది చుట్టుపక్కల పెట్టిన సంతకాలు, అంటే బ్యాంకు చెక్కులు, రిజిస్టరైన దస్తావేజులు, ఎన్ని దొరికితే అన్ని తీసుకెళ్లండి.