పాత లోడర్‌ని వేరే ట్రాక్టర్‌కి బిగించాక వచ్చే తిప్పలు

ఆనందపురం దగ్గర మా పొలంలో ట్రాక్టర్ ముందు బిగించి బకెట్‌తో గెత్తం, ఎర్రమట్టి ఎత్తే లోడర్ ఒకటుంది. పాత ట్రాక్టర్ అమ్మేశాక దాన్ని వేరే కంపెనీ 42 హెచ్‌పీ బండికి మార్చాం. గాజువాక ఆటోనగర్‌లో బ్రాకెట్లు చేసి ఒక్కరోజులో బిగించేశారు. కుదురుకోవడానికి మాత్రం మూడు వారాలు పట్టింది. అన్నాళ్లూ లోడర్‌నే తిట్టుకున్నాం. తప్పంతా బండికీ దానికీ మధ్య అతుకుల్లో ఉంది.

ఏది విప్పాలన్నా ముందు బకెట్ నేలకి దించి, ఇంజన్ ఆపి, లివర్లు అటూ ఇటూ ఆడించి పైపుల్లో ప్రెషర్ వదిలించండి. ఎత్తి ఉన్న లోడర్ కింద దూరొద్దు.

లోడర్ లేస్తోంది, వెనక కల్టివేటర్ లేవట్లేదు

మన ట్రాక్టర్లలో చాలావాటికి హైడ్రాలిక్ పంపు ఒక్కటే. లోడర్ లివర్లు ముట్టుకోనప్పుడు ఆయిల్ ఆ లివర్లు నడిపే వాల్వ్ దాటి వెనక లిఫ్ట్‌కి పోవాలి. ఆ దారినే పవర్ బియాండ్ అంటారు. అది లేకపోతే ఆయిల్ తిన్నగా ట్యాంకులో పడిపోతుంది, లిఫ్ట్‌కి ఏమీ అందదు. కాబట్టి వాల్వ్‌కి మూడు పైపులుండాలి: పంపు నుంచి వచ్చేది, లిఫ్ట్‌కి వెళ్లేది, ట్యాంకుకి తిరిగెళ్లేది.

మాకు రెండే పెట్టారు. అడిగితే ట్యాంకు పైపునే తీసి లిఫ్ట్‌కి కలిపేశారు. కల్టివేటర్ లేచింది, సంబరపడ్డాం. మూడో చాలులో వాల్వ్ మూత అంచు నుంచి వేడి ఆయిల్ సన్నగా చిమ్మి బానెట్ మీద పడింది. ట్యాంకు వైపు రంధ్రం అంత ప్రెషర్‌ని తట్టుకోదు. సీల్ పోతుంది, ఒక్కోసారి వాల్వ్ బాడీయే పగులుతుంది. వాల్వ్‌కి పవర్ బియాండ్ స్లీవ్ (లిఫ్ట్ దారిని ట్యాంకు దారి నుంచి విడదీసే చిన్న గొట్టం) పట్టే చోటుంటే వేయించండి. లేకపోతే వాల్వ్ మార్చడమే.

పైపులు కలిపేటప్పుడు ఇంకో సంగతి. బీఎస్‌పీ (బ్రిటిష్ కొలత) మరలోకి మెట్రిక్ (మి.మీ. కొలత) నిపుల్ ఒకటి రెండు చుట్లు ఎక్కేస్తుంది. దాన్ని టేపు చుట్టి బలవంతంగా బిగించేవాళ్ల దగ్గర పని చేయించకండి.

బకెట్ నత్తలా లేస్తోంది

రిపేరు అనుకునే ముందు లెక్క వేయండి. 63 మి.మీ. బోరు (లోపలి వ్యాసం), 600 మి.మీ. స్ట్రోకు (రాడ్ జరిగే దూరం) ఉన్న సిలిండర్లు రెండూ చాపడానికి సుమారు 3.7 లీటర్ల ఆయిల్ కావాలి. నిమిషానికి 30 లీటర్లిచ్చే పంపుకి అది ఏడెనిమిది సెకన్ల పని. 17 లీటర్ల పంపుకి 13 సెకన్లు. పంపు చిన్నదైతే ప్రెషర్‌కి హద్దు పెట్టే రిలీఫ్ వాల్వ్‌ని ఎంత బిగించినా వేగం రాదు, పైపులు పగులుతాయంతే. వేగమే కావాలంటే ఇంజన్ ముందుండే క్రాంక్ పుల్లీతో నడిచే వేరే పంపు, దానికో ట్యాంకు పెట్టించుకోవాలి.

సగం దాకా బాగా లేచి తర్వాత గరగరమంటూ వణికితే మాత్రం ముందు ఆయిల్ తక్కువేమో చూడండి. ఆ 3.7 లీటర్లు గేర్‌బాక్స్ నుంచి వెళ్లినవే కదా! సిలిండర్లన్నీ ముడిచి డిప్‌స్టిక్ చూసి నింపండి. ఆయిల్‌లో మునిగే బ్రేకులుంటే బండి పుస్తకంలో చెప్పిన ఆయిలే పొయ్యాలి, లేకపోతే బ్రేకులు దెబ్బతింటాయి.

క్లచ్ తొక్కగానే లోడర్ ఆగిపోతోంది

పంపు పీటీవో షాఫ్టు (వెనక పనిముట్లని తిప్పేది) మీద నడిచే బండ్లలో ఇది మామూలే. డ్యూయల్ క్లచ్ ఉంటే సగమే తొక్కండి: బండి ఆగుతుంది, పంపు తిరుగుతూనే ఉంటుంది. సింగిల్ క్లచ్ అయితే పైన చెప్పిన వేరే పంపే దారి.

ఎత్తిన బకెట్ మెల్లగా దిగిపోతోంది

పిస్టన్ సీల్ అయినా పోవాలి, వాల్వ్ స్పూల్ (లోపల జరిగే కడ్డీ) అయినా అరగాలి. బకెట్ నేల మీదుండగా సిలిండర్ రాడ్ పిన్ తీసి, రాడ్‌ని పూర్తిగా చాపండి. ఇంజన్ ఆపి రాడ్ వైపు హోస్ విప్పి, దాని చివర డబ్బాలో పెట్టండి. మళ్లీ స్టార్ట్ చేసి, దూరంగా ఉండి లివర్‌ని ఎత్తే వైపు కొంచెం లాగండి. సిలిండర్ రంధ్రం నుంచి ఆయిల్ ధార కడితే పిస్టన్ సీలే. మా రాడ్ మీద ఆవగింజంత తుప్పు గుంటలు కనిపించాయి. మన తీరంలో ఉప్పుగాలి కదా, రాడ్లు చాపి వదిలేస్తే క్రోమ్ తినేస్తుంది, ఆ గుంటల అంచులు రాడ్ బయటికొచ్చే చోటుండే సీల్‌ని కోసేస్తాయి, ఆయిల్ బయటికి కారుతుంది. సాయంత్రం బండి ఆపేటప్పుడు వీలైనంతవరకు రాడ్లు లోపలికి పోయేలా ఉంచండి.

స్టీరింగ్ బరువు, వెనక చక్రాలు జారుతున్నాయి

వెనక బరువు చాలట్లేదు. 200 లీటర్ల డ్రమ్ములో కాంక్రీటు పోస్తే సుమారు 480 కిలోలు వస్తుంది. గట్టి పిన్నులు అమర్చి లిఫ్ట్‌కి తగిలించండి. ముందు యాక్సిల్ మీద భారం కూడా తగ్గుతుంది.

ఇంజన్, క్లచ్ హౌసింగ్ కలిసేచోట ఆయిల్ చెమ్మ

ఇది కనిపిస్తే ఆ రోజుకి పని ఆపేయండి. ట్రాక్టర్‌కి లారీలా చాసిస్ ఉండదు. ఇంజన్, క్లచ్ హౌసింగ్, గేర్‌బాక్స్ ఒకదానికొకటి బోల్టులతో కలిసి అవే వెన్నెముక అవుతాయి. బ్రాకెట్ ముందు భాగానికే పట్టి ఉంటే బకెట్ తోపు అంతా ఆ బోల్టుల మీదే పడుతుంది. సబ్‌ఫ్రేమ్ (లోడర్‌ని మోసే ఇనుప చట్రం) రెండు పక్కలా వెనక యాక్సిల్ హౌసింగ్ దాకా వెళ్లాలి. వదులైన బోల్టులు బిగించి సరిపెట్టుకుంటే మళ్లీ వదులవుతాయి.

కొత్త సబ్‌ఫ్రేమ్ చివరి వెల్డింగ్‌కి ముందు ఒక ముందు చక్రాన్ని జాకీతో ఎత్తి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. మాకు ఎడమ టైరు అంచు హోస్‌ని రాసింది, వేలెడు దూరం జరపాల్సి వచ్చింది.