బోర్డు పోయిందనుకునే ముందు: విశాఖ ఇళ్లలో ల్యాప్‌టాప్ సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

లాసన్స్‌బే కాలనీ నుంచి సాగర్‌నగర్, రుషికొండ దాకా సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో కిటికీ గ్రిల్స్ ఎంత త్వరగా తుప్పు పడతాయో అక్కడ ఉండేవాళ్లకు చెప్పనక్కర్లేదు. ల్యాప్‌టాప్ ఫ్యాను లోపలికి లాగేదీ ఆ గాలినే. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు దానంతటదే నీరవుతుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా చెమ్మగిల్లేది అందుకే. సముద్రపు గాలిలోని ఆ ఉప్పు కంటికి కనిపించని పొరగా బోర్డు (ల్యాప్‌టాప్ లోపలి ప్రధాన సర్క్యూట్) మీద చేరి తడిస్తే, కరెంటు వెళ్లకూడని దారిలో వెళ్తుంది. మెల్లగా రాగి మీద పచ్చటి చిలుము పడుతుంది. షాపులో ‘బోర్డు పోయింది సార్’ అని తేల్చేసిన వాటిలో కొన్ని నిజానికి చిలుము పట్టిన కనెక్టర్లు, ఊపిరాడని ఫ్యాన్లు, చాలీచాలని ఛార్జర్లు. అందుకే ఖర్చులేని పరీక్షలు ముందు చేయండి, స్క్రూడ్రైవర్ ఆ తర్వాత.

ఆన్ అవడానికే పావుగంట, ఏది నొక్కినా గుండ్రంగా తిరుగుతూనే ఉంది

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి, మీరు రోజూ చేసే పని చేస్తూ రెండు నిమిషాలు చూడండి.

డిస్క్ 100 శాతం దగ్గరే ఉండి, దాని పేరు కింద హెచ్‌డీడీ అని ఉంటే కారణం దొరికినట్టే. తిరిగే పళ్లేల హార్డ్‌డిస్క్ సెకనుకు 100 మెగాబైట్లు చదవడానికే ఆపసోపాలు పడుతుంది. అదే చోట సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని, చిప్‌ల డిస్క్) పెడితే 500 పైన వస్తుంది. ఈ సమస్యకు ‘ఫార్మాట్ కొట్టిస్తే సరిపోతుంది’ అనేవాళ్ల మాట వినకండి. నెల తిరక్కుండా మళ్లీ మొదటికే వస్తుంది. పాత హార్డ్‌డిస్క్ స్థానంలో రెండున్నర అంగుళాలు, 7 మిల్లీమీటర్ల మందం ఉన్న సాటా ఎస్‌ఎస్‌డీ పడుతుంది. మీ మోడల్లో ఎం.2 స్లాట్ (చిన్న పట్టీ లాంటి ఎస్‌ఎస్‌డీ గుచ్చే చోటు) కూడా ఉంటే, అది సాటాదా, ఇంకా వేగంగా ఉండే ఎన్‌వీఎంఈదా చూసుకున్నాకే కొనండి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, ఒకదాంట్లో ఇంకోటి పనిచేయకపోవచ్చు. పాత డిస్క్‌ను క్లోన్ చేయించుకుంటే, అంటే ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి కాపీ చేయిస్తే, విండోస్ మళ్లీ వేయాల్సిన పని లేదు. అయితే పాత డిస్క్ టకటకమని చప్పుడు చేస్తుంటే క్లోనింగ్ సంగతి తర్వాత, ముందు ఫొటోలూ ఫైళ్లూ బయటికి తీయండి.

డిస్క్ బాగానే ఉండి మెమరీ 90 శాతం దాటుతుంటే ర్యామ్ చాలట్లేదు. బ్రౌజర్లో ఇరవై ట్యాబులు, పక్కన ఎక్సెల్, వెనకాల వీడియో కాల్ నడిపేవాళ్లకు 8 జీబీ ఇరుకే. పెంచే ముందు స్లాట్ ఉందో లేదో చూడాలి. పలచటి మోడళ్లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, దానికి చేయగలిగేది ఏమీ లేదు.

రెండూ సరిగ్గా ఉండి, సీపీయూ వేగం 1 గిగాహెర్ట్జ్ లోపే కదలకుండా ఉంటే వేడినీ, ఛార్జర్‌నీ అనుమానించండి. వాటి సంగతి కింద ఉంది.

ఇంకో మాట: విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం లేదా ఆ పైది, దాంతోపాటు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. అంతకంటే పాత మెషీన్‌కు ఎస్‌ఎస్‌డీ వేసి విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ ఎక్కిస్తే పిల్లల చదువుకీ, మెయిళ్లకీ ఇంకా పనికొస్తుంది. బ్యాంకు లావాదేవీలు మాత్రం అప్‌డేట్లు ఆగిపోయిన విండోస్ మీద చేయకండి.

ఫ్యాన్ మోత, ఒళ్లో పెట్టుకోలేనంత వేడి, ఉన్నట్టుండి ఆగిపోవడం

ఫ్యానుకీ, దాని ముందున్న సన్నటి లోహపు రేకులకీ మధ్య దుమ్ము పేరుకుంటుంది. పోర్టుకు దగ్గరగా ఉన్న జ్ఞానాపురం, పాత ఊరు వైపు ఆ దుమ్ము నల్లగా, సన్నగా ఉంటుంది. ఉప్పు తేమ దాన్ని జిగురుగా పట్టి ఉంచుతుంది. అడుగు మూత తీసి చూస్తే ఫ్యాను రెక్కలు శుభ్రంగానే కనిపించవచ్చు. అడ్డంకి వాటి వెనక, రేకులను మూసేసిన దట్టమైన మెత్తటి పొర. బయటి నుంచి బ్లోయర్ కొడితే అది ఇంకా లోపలికి తోసుకుపోతుందే తప్ప ఊడిరాదు.

చేయాల్సింది ఇదీ: ల్యాప్‌టాప్ పూర్తిగా ఆఫ్ చేయండి, ఛార్జర్ తీయండి, మూత విప్పగానే బోర్డు మీద బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. ఫ్యాను స్క్రూలు తీసి పక్కకు జరిపితే ఆ పొర పట్టకారుకు ఒకే ముక్కగా వచ్చేస్తుంది. మిగతాది మెత్తటి బ్రష్‌తో దులపండి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి ఉంచండి, లేకపోతే అదుపులేకుండా తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. మూడేళ్లు దాటిన మెషీన్ అయితే హీట్‌సింక్ (చిప్ వేడిని లాగే లోహపు భాగం) కూడా విప్పి, దాని కింద ఎండిపోయిన థర్మల్ పేస్టును 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, చిప్ అంతా కప్పేలా కొత్త పేస్టు పలచగా రాయాలి. హీట్‌సింక్ స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలుంటాయి. ఆ వరసలోనే బిగించండి.

ఊళ్లో లోపలివైపు ఉన్నవాళ్లకు ఏడాదికోసారి చాలు. బాల్కనీలోంచి సముద్రం కనిపించే ఇంట్లో ఆరు నెలలకోసారి మూత తీసి చూడటం మంచిది. పరుపు మీద పెట్టి వాడితే మాత్రం ఇవన్నీ చేసినా వృథా. కింద గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. వెనకవైపు అంగుళం ఎత్తు పెడితే చాలు, కూలింగ్ ప్యాడ్ కొనాల్సినంత అవసరం చాలామందికి ఉండదు.

ఏసీ గదిలోంచి బయటికి తెచ్చాక టచ్‌ప్యాడ్ పిచ్చిగా పరిగెడుతోంది, అక్షరాలు వాటంతటవే పడుతున్నాయి

ఇది సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఎక్కువ. దీన్ని వైరస్ అనుకునేవాళ్లే ఎక్కువ. బయట 32 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉంటే దాదాపు 28 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీటి బిందువులు పేరుకుంటాయి. 24 డిగ్రీల ఏసీలో రాత్రంతా ఉన్న ల్యాప్‌టాప్‌ను పొద్దున్నే బాల్కనీలోకి తెచ్చి తెరిస్తే, కళ్లద్దాలు మసకబారినట్టే టచ్‌ప్యాడ్ మీదా లోపలి బోర్డు మీదా చెమ్మ చేరుతుంది. అప్పటికే ఉప్పు పొర ఉంటే అదే షార్ట్ సర్క్యూట్‌కు దారి.

పరిష్కారానికి పైసా ఖర్చు లేదు. ఏసీ గదిలోనే బ్యాగులో పెట్టి జిప్పు వేయండి, బయటికి వచ్చాక అరగంట దాకా తీయకండి. ఆన్ చేసి ఉన్నది మొరాయిస్తే ఆపేసి, ఫ్యాను గాలికి గంటసేపు ఉంచండి. వారాల తరబడి వాడని ల్యాప్‌టాప్ అయితే గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్‌తో పెట్టండి. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే వాటి పని అయిపోయినట్టు. బీరువాలో కలరా ఉండల పక్కన పెట్టడం పరిష్కారం కాదు.

ఛార్జింగ్ ఎక్కట్లేదు

వేరే సాకెట్లో పెట్టి చూడండి. తర్వాత ల్యాప్‌టాప్ ఆఫ్ చేసి, ఛార్జర్ తీసి, పవర్ బటన్ ముప్పై సెకన్లు నొక్కి పట్టుకుని మళ్లీ పెట్టండి. నమ్మబుద్ధి కాకపోయినా కొన్ని ఇంతటితోనే దారికి వస్తాయి.

రాకపోతే టార్చి వేసి ఛార్జింగ్ రంధ్రంలోకి చూడండి. టైప్‌-సీ అయితే మధ్య నాలుక మీద బూజూ పోగులూ ఉండొచ్చు, చెక్క టూత్‌పిక్‌తో తీయండి. పిన్నీసు మాత్రం పెట్టకండి. పచ్చటి చిలుము ఉంటే సన్నటి బ్రష్‌ను ఐసోప్రొపైల్‌లో ముంచి రుద్ది, పది నిమిషాలు ఆరనివ్వండి. పెట్రోలు, శానిటైజర్ వద్దు. శానిటైజర్లో నీళ్లూ గ్లిజరినూ ఉంటాయి.

ఛార్జర్ మీద ఉన్న అంకెలు చదవండి. 20 వోల్టులు, 3.25 యాంపియర్లు అంటే 65 వాట్లు. ఫోన్ ఛార్జర్‌తో టైప్‌-సీ ల్యాప్‌టాప్ ఛార్జ్ అయినట్టు కనిపించినా, వాడుతుంటే శాతం తగ్గుతూనే ఉంటుంది. గుండ్రటి పిన్ను వాటిలో వోల్టేజీ ఒరిజినల్‌కు సరిపోవాలి, యాంపియర్లు సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి. డెల్, హెచ్‌పీ పిన్నుల మధ్యలో సన్నటి సూది ఉంటుంది. ఛార్జర్ ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కు చెప్పేది అదే. అది విరిగినా, చౌకరకం ఛార్జర్లో సరిగ్గా లేకపోయినా ల్యాప్‌టాప్ నడుస్తుంది కానీ బ్యాటరీ ఎక్కదు, ప్రాసెసర్ కూడా వేగం తగ్గించేసుకుంటుంది. పైన చెప్పిన కదలని సీపీయూకు ఇదొక కారణం.

బ్యాకప్ గంట కూడా రావట్లేదు

కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని (powercfg /batteryreport) ఇస్తే ఒక ఫైలు తయారవుతుంది. దాంట్లో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలు ఉంటాయి. మొదటిది 42,000, రెండోది 25,200 అయితే బ్యాటరీలో మిగిలింది 60 శాతమే. అంతకంటే తగ్గాక మార్చుకోవడం మేలు. రోజంతా ప్లగ్గులోనే ఉంచేవాళ్లు, కంపెనీ యాప్‌లో గానీ బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) గానీ ఛార్జింగ్‌కు 80 శాతం హద్దు పెట్టుకోండి. మన ఎండల్లో నూరు శాతం మీద వేడిగా ఉండటమే బ్యాటరీకి ఎక్కువ చేటు.

టచ్‌ప్యాడ్ పైకి ఉబికినా, క్లిక్ పడకపోయినా, బల్ల మీద ల్యాప్‌టాప్ ఊగినా బ్యాటరీ ఉబ్బింది. ఆ క్షణం నుంచే ఛార్జింగ్ పెట్టకండి. నొక్కడం, గుచ్చడం, చెత్త బండిలో వేయడం, మూడూ అగ్గి రాజేసే పనులే. సర్వీస్ సెంటర్‌కో, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకో అప్పగించాలి.

చేయి ఆనిస్తే జిల్లుమంటోంది

మెటల్ బాడీ ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ. ఛార్జర్లోని చిన్న కెపాసిటర్ల గుండా కొద్దిపాటి కరెంటు బాడీకి చేరుతుంది. ఎర్తింగ్ ఉంటే భూమిలోకి పోతుంది, లేకపోతే మీ చేతికి తెలుస్తుంది. టూ పిన్ అడాప్టర్ తీసేసి త్రీ పిన్ ప్లగ్గు నేరుగా పెట్టండి. అయినా తగ్గకపోతే ఎలక్ట్రీషియన్‌తో మల్టీమీటర్ పెట్టించండి: ఫేజ్-న్యూట్రల్ మధ్య ఎంత వస్తే ఫేజ్-ఎర్త్ మధ్యా దాదాపు అంతే, అంటే 230 వోల్టుల దాకా రావాలి. ఒడ్డు దగ్గరి పాత అపార్ట్‌మెంట్లలో ఎర్త్ రాడ్ తుప్పుపట్టి పేరుకే మిగిలి ఉండొచ్చు. అది ల్యాప్‌టాప్ గొడవ కాదు. అదే ఇంట్లో గీజరూ ఉంది కాబట్టి వాయిదా వేయకండి.

ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ నల్లగా ఉంది

స్క్రీన్ మీద టార్చి వేయండి. మసకగా బొమ్మ కనిపిస్తే బ్యాక్‌లైట్‌ది గానీ కేబుల్‌ది గానీ తప్పు. ఏమీ కనిపించకపోతే హెచ్‌డీఎంఐతో టీవీకి కలపండి. టీవీలో వస్తే బోర్డు బాగున్నట్టే. అక్కడా రాకపోతే బ్యాటరీ కనెక్టర్ తీసి, ర్యామ్ ఊడదీసి, దాని బంగారు అంచును ఐసోప్రొపైల్‌తో తుడిచి మళ్లీ బిగించండి. ఈ ఊరి తేమకు ఆ అంచు మసకబారడం మామూలే.

టీ ఒలికింది

ఛార్జర్ పీకేయండి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి ఆపేయండి, కీబోర్డు కిందికి ఉండేలా బోర్లించండి. మూత తీయగలిగితే బ్యాటరీ కనెక్టర్ తీయండి. బియ్యంలో పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు, హెయిర్ డ్రయ్యర్ తడిని లోపలికి తోస్తుంది. మంచినీళ్లయితే 48 గంటలు ఆరాక ప్రయత్నించవచ్చు. టీ, కొబ్బరినీళ్లు, మజ్జిగ అయితే ఆరినా లోపల చక్కెరో ఉప్పో మిగిలే ఉంటుంది. బోర్డు విప్పి కడిగించాల్సిందే. ‘చూద్దాం, వస్తుందేమో’ అని మధ్యలో ఆన్ చేయడమే చాలా బోర్డుల ప్రాణం తీస్తుంది.

తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చాక చాలా కాలనీల్లో రోజుల తరబడి కరెంటు లేదు. హెచ్చరిక రాగానే 80 శాతం హద్దు తీసి నిండా ఛార్జ్ చేయండి. ముఖ్యమైన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి జిప్ కవర్లో పెట్టండి. ఉరుములు మొదలైతే ఛార్జరే కాదు, ల్యాన్ వైరూ తీయండి.

రిపేరుకు ఇచ్చే ముందు, కొనే ముందు

డాబాగార్డెన్స్, ద్వారకానగర్ ఎక్కడ ఇచ్చినా ముందు బ్యాకప్ తీసుకోండి. బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకు విండోస్ వేసే తాళం) రికవరీ కీ, 48 అంకెలది, మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందో లేదో చూసుకోండి. బోర్డు మారిస్తే విండోస్ ఆ కీ అడుగుతుంది, అది లేకపోతే డేటా మీది కాదు. మార్చిన పాత భాగం తిరిగి ఇమ్మనండి.

కొత్తది కొంటుంటే 16 జీబీ ర్యామ్ గానీ, ఖాళీ స్లాట్ గానీ, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, మామూలు స్క్రూలతో తెరుచుకునే అడుగు మూత, స్క్రీన్‌కు కనీసం 300 నిట్స్ వెలుతురు చూడండి. వారంటీలో తుప్పు, తడి సాధారణంగా కలవవు. ఒడ్డు దగ్గర ఉండేవాళ్లు యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాన్ కొనే ముందు తడికి వర్తిస్తుందో లేదో షరతుల్లో చదవాలి.

సెకండ్ హ్యాండ్ అయితే పైమెరుపు చూసి మోసపోకండి. హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ రంధ్రాల లోపలి రేకు మీద టార్చి వేయండి. గోధుమరంగు మచ్చలున్నా, అడుగు స్క్రూల తలల మీద తుప్పున్నా అది ఉప్పు గాలిలో బతికిన మెషీన్. లోపల కూడా విప్పి చూపించమనండి. ఒప్పుకోకపోతే వదిలేయండి. చూపించాక బ్యాటరీ రిపోర్ట్ అక్కడే తీయించి, అడుగున ఉన్న సీరియల్ నంబరు, బయోస్‌లో కనిపించే నంబరు, బిల్లు మీది నంబరు మూడూ ఒకటేనా చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి.