కొరియన్ భాషా ఉపాధ్యాయ సర్టిఫికెట్: అర్హత, పరీక్ష, దరఖాస్తు విధానం

విదేశీయులకు కొరియన్ నేర్పేవాళ్లకు దక్షిణ కొరియా ప్రభుత్వం ఇచ్చే సర్టిఫికెట్‌ను అక్కడ ‘హాంగుగొ క్యోవొన్ చాగ్యొక్‌చుంగ్’ అంటారు. 2005 నాటి కొరియన్ భాషా చట్టం దీనికి ఆధారం. సర్టిఫికెట్ వచ్చేది సంస్కృతి, క్రీడలు, పర్యాటక మంత్రిత్వ శాఖ తరఫున. పత్రాలు పరిశీలించేది సియోల్‌లోని జాతీయ కొరియన్ భాషా సంస్థ. గ్రేడ్లు మూడు. 1 అన్నింటికన్నా పైది. అది నేరుగా ఎవరికీ రాదు, 2వ గ్రేడ్‌తో కొన్నేళ్లు పాఠాలు చెప్పాకే వస్తుంది.

ఫారం నింపడానికి గంట చాలు. దరఖాస్తు తిరస్కరణకు గురైతే, దానికి కారణం చాలాసార్లు రెండు మూడేళ్ల వెనక, కోర్సులో చేరిన రోజున దొరుకుతుంది. పరిశీలించేవాళ్లు డిగ్రీ పేరు ఒక్కటే చూసి వదిలేయరు, చదివిన ఒక్కో సబ్జెక్టు ఏ విభాగం కిందికి వస్తుందో లెక్కేస్తారు. అందుకే ఈ వివరాలు ఫీజు కట్టాక కాకుండా, కట్టకముందే చదవండి.

మీకు సరిపడే దారి

మొదటిది డిగ్రీ దారి. ‘విదేశీ భాషగా కొరియన్ బోధన’ ప్రధాన సబ్జెక్టుగా బ్యాచిలర్ డిగ్రీ చేసి, నిర్ణీత విభాగాల్లో 45 క్రెడిట్లు పూర్తి చేస్తే 2వ గ్రేడ్ వస్తుంది. అదే సబ్జెక్టులో మాస్టర్స్ చేసినవాళ్లకు 18 క్రెడిట్లు చాలు, వాళ్లకీ 2వ గ్రేడే. మైనర్‌గా, అంటే ఉప సబ్జెక్టుగా, 21 క్రెడిట్లు చదివినవాళ్లకు 3వ గ్రేడ్. డిగ్రీ దారిలో వచ్చే విదేశీ పౌరులందరికీ ఇంకో షరతు ఉంది: కొరియన్ భాషా సామర్థ్యాన్ని కొలిచే టోపిక్ పరీక్షలో 6వ లెవెల్. పై లెవెళ్లకు పెట్టే టోపిక్-2 పేపర్లో 300 మార్కులకు కనీసం 230 వస్తేనే ఆ లెవెల్ ఇస్తారు.

రెండోది 120 గంటల శిక్షణ కోర్సు, దాని తర్వాత కొరియన్ బోధనా సామర్థ్య పరీక్ష. ఈ దారిలో 3వ గ్రేడ్ వస్తుంది. ఇప్పటికే వేరే డిగ్రీ ఉండి, మళ్లీ కాలేజీలో చేరే వీలు లేనివాళ్లు ఎక్కువగా దీన్నే ఎంచుకుంటారు. ముందు కోర్సు పూర్తి చేయాలి, ఆ తర్వాతే పరీక్ష పాసవ్వాలి. చట్టంలో రాసి ఉన్న వరుస ఇదే, దాన్ని తిరగేయకండి.

ఇక్కడ మనవాళ్లు చాలామంది పొరబడతారు. కొరియన్ భాష, సాహిత్యంలో డిగ్రీ ఉంటే బోధన అర్హత కూడా ఉన్నట్టే అనుకుంటారు. అలా కుదరదు. తెలుగు ఎం.ఏ. వేరు, తెలుగు రానివాళ్లకు తెలుగు నేర్పే శిక్షణ వేరు కదా, ఇదీ అంతే.

అయిదు విభాగాలు

120 గంటల్ని ఇలా పంచారు: కొరియన్ భాషాశాస్త్రం 30 గంటలు, సాధారణ, అనువర్తిత భాషాశాస్త్రం 12, కొరియన్ బోధనా పద్ధతులు 46, కొరియా సంస్కృతి 12, బోధనాభ్యాసం 20. డిగ్రీవాళ్ల 45 క్రెడిట్లు అదే వరుసలో 6, 6, 24, 6, 3. మైనర్‌వాళ్లవి 3, 3, 9, 3, 3. ఒక విభాగంలో మిగిలిన క్రెడిట్లను ఇంకో విభాగంలో లోటు పూడ్చడానికి వాడుకోలేరు. సంస్కృతి సబ్జెక్టులు ఇష్టంగా నాలుగు చదివి భాషాశాస్త్రంలో ఒకటి వదిలేస్తే, మొత్తం 45 దాటినా దరఖాస్తు నిలవదు.

చేరబోయే సంస్థలోని సబ్జెక్టులను జాతీయ సంస్థ ముందే పరిశీలించి ఆమోదించిందా లేదా అన్నది ఆ జాతీయ సంస్థ నడిపే ఉపాధ్యాయ అర్హత వెబ్‌సైట్‌లో సంస్థల జాబితా తెరిస్తే తెలుస్తుంది. సంస్థ పేరు కనిపించగానే ఊరుకోకండి. మీరు తీసుకునే సబ్జెక్టు పేరు అక్షరం తేడా లేకుండా అందులో ఉందో లేదో చూడండి. ఆ పేజీని చేరిన రోజు తేదీతో సహా ప్రింట్ తీసి దాచుకోండి.

బోధనాభ్యాసం

ఈ 20 గంటల్లో మూడు పనులు ఉంటాయి: అనుభవం ఉన్న ఉపాధ్యాయుల క్లాసు వెనక కూర్చుని గమనించడం, తోటి శిక్షణార్థుల ముందు నమూనా పాఠం చెప్పడం, నిజమైన విద్యార్థులకు బోధించడం. థియరీ ఆన్‌లైన్‌లో నడిపే కోర్సుల్లో కూడా ఈ భాగానికి మనిషి నేరుగా రావాలని చాలా సంస్థలు అడుగుతాయి. ఇండియాలో ఉండి చేరేవాళ్లు ఈ సంగతి ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. లేకపోతే 100 గంటలు ఇంట్లో కూర్చుని పూర్తి చేసి, చివరి 20 గంటల దగ్గర ఆగిపోతారు.

నమూనా పాఠానికి పాఠ్యప్రణాళిక రాసివ్వాలి. అయిదు దశల ప్రణాళిక బాగా వాడుకలో ఉంది: పరిచయం, కొత్త అంశం చూపడం, అభ్యాసం, సొంతంగా వాడించడం, ముగింపు. కొత్త ఉపాధ్యాయులు ఎక్కువగా తప్పు చేసేది రెండో దశలో. వ్యాకరణం వివరిస్తూ సగం పీరియడ్ తినేస్తారు, విద్యార్థి నోరు తెరిచే సమయం మిగలదు. పాఠం చూసే మెంటార్ మొదట లెక్కపెట్టేది ఉపాధ్యాయుడు ఎంతసేపు మాట్లాడాడు, విద్యార్థులు ఎంతసేపు మాట్లాడారు అన్నదే.

తెలుగు విద్యార్థులకు చెప్పేవాళ్లు పాఠంలో చూపగలిగిన మంచి ఉదాహరణ ఒకటుంది. ‘ఇంట్లో ఉన్నాను’, ‘ఇంట్లో చదువుతున్నాను’ అన్న రెండు వాక్యాల్లోనూ మనకు ‘లో’ ఒక్కటే. కొరియన్‌లో మొదటిది ‘చిబె ఇస్సొయో’, రెండోది ‘చిబెసొ కొంగ్బుహెయో’. ఉనికికి ‘ఎ’, పని జరిగే చోటికి ‘ఎసొ’. మన పిల్లలు రెండు చోట్లా ‘ఎ’ వాడేస్తారు. దానికి కారణం కొరియన్ మెంటార్‌కు తెలియకపోవచ్చు, మీకు తెలుసు. ప్రణాళికలో ‘విద్యార్థులు చేయబోయే తప్పులు’ అన్న చోట ఇలాంటిది రాస్తే మీ పాఠానికి బలం వస్తుంది. ఉచ్చారణలోనూ అంతే. ‘తల్’ అంటే చంద్రుడు, ‘థల్’ అంటే మాస్కు, ‘త్తల్’ అంటే కూతురు. మనకు థ అక్షరం ఉన్నా మాటల్లో దాన్ని ఒత్తి పలకం, మాట మొదట్లో ‘త్త’ అసలే రాదు. మూడింటికీ తేడా వినిపించేదాకా చెవికి అలవాటు చేయించాలి, పలికించడం ఆ తర్వాత.

పరీక్ష

శిక్షణ కోర్సు దారిలో వెళ్లేవాళ్లకే ఇది. కొరియా మానవ వనరుల అభివృద్ధి సంస్థ ఏడాదికి ఒకసారి నిర్వహిస్తుంది. దరఖాస్తు క్యూ-నెట్ వెబ్‌సైట్‌లో. రాత పరీక్ష ఎక్కువగా ఆగస్టులో, ఇంటర్వ్యూ నవంబరులో ఉంటాయి. పరీక్షా కేంద్రాలు కొరియాలోనే ఉంటాయి కాబట్టి ఇక్కడినుంచి వెళ్లేవాళ్లు రెండు ప్రయాణాల ఖర్చు లెక్కేసుకోవాలి.

రాత పరీక్ష మొత్తం 300 మార్కులకు. మొదటి పేపరు 100 నిమిషాలు: కొరియన్ భాషాశాస్త్రం 60 ప్రశ్నలకు 90 మార్కులు, సాధారణ భాషాశాస్త్రం 20 ప్రశ్నలకు 30. రెండో పేపరు 150 నిమిషాలు: సంస్కృతి 20 ప్రశ్నలకు 30 మార్కులు, బోధన 93 ప్రశ్నలకు 150. ఆ 93లో ఒకటి వ్యాసరూప ప్రశ్న, దానికే 12 మార్కులు. పాసవ్వాలంటే మొత్తం 180 రావాలి, ప్రతి విభాగంలోనూ 40 శాతానికి తగ్గకూడదు. సంస్కృతి విభాగానికి 30 మార్కులే కదా అని వదిలేస్తే, అక్కడ 12 రాక మొత్తం పోతుంది.

ఇంటర్వ్యూలో 100కు 60 కావాలి. రాత పాసై ఇంటర్వ్యూలో తప్పితే, వచ్చే ఏడాది రాత పరీక్ష మినహాయిస్తారు. ఆ ఒక్కసారి దాటిందంటే మళ్లీ మొదటినుంచే.

దరఖాస్తు

ఉపాధ్యాయ అర్హత వెబ్‌సైట్‌లో ఖాతా తెరవండి. వ్యక్తిగత అర్హత పరిశీలన ఏడాదికి కొన్ని విడతలుగా జరుగుతుంది, తేదీలు అక్కడే ప్రకటిస్తారు. ఆ విడత తెరిచినప్పుడు ఫారంలో మీ దారి, కోరే గ్రేడ్ ఎంచుకుని, సబ్జెక్టులను విభాగాలవారీగా నింపాలి. నింపిన ఫారంపై సంతకం పెట్టి, పత్రాలతో కలిపి ప్రకటనలో చెప్పిన పద్ధతిలో పంపాలి. డిగ్రీవాళ్లకు డిగ్రీ సర్టిఫికెట్, మార్కుల పత్రం, టోపిక్ 6 స్కోరు కావాలి. శిక్షణవాళ్లకు గంటల వివరాలున్న కోర్సు పూర్తి పత్రం, పరీక్ష పాసైన పత్రం. ఒరిజినల్స్ అడిగిన చోట జిరాక్స్ పెట్టకండి.

ఆగిపోయేది ఎక్కువగా రెండు చోట్ల. ఒకటి టోపిక్. దాని స్కోరు చెల్లేది రెండేళ్లే, గడువు దాటాక స్కోరు పత్రం మళ్లీ ఇవ్వరు. మాస్టర్స్‌లో చేరడానికి రాసిన టోపిక్, డిగ్రీ చేతికొచ్చేసరికి కాలం చెల్లిపోతుంది. చివరి సెమిస్టర్‌లో మళ్లీ రాయండి.

రెండోది పేరు. ఇది మన తెలుగువాళ్ల ప్రత్యేక కష్టం. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, కొరియాలో యూనివర్సిటీ రికార్డులో ఇంటిపేరు ముందుకు వస్తుంది. టోపిక్ పత్రంలో మరోలా. నలుగురు వేర్వేరు మనుషుల పత్రాల్లా కనిపిస్తాయి. పాస్‌పోర్టులో ఉన్న పేరునే మొదటి రోజునుంచి అన్ని చోట్లా, అదే వరుసలో, అదే స్పెల్లింగుతో రాయండి. ఇప్పటికే తేడా ఉంటే దరఖాస్తు చేయకముందే యూనివర్సిటీతో సరిచేయించుకోండి.

పై గ్రేడ్

3వ గ్రేడ్ శిక్షణ, పరీక్షల దారిలో వచ్చినవాళ్లు 2వ గ్రేడ్‌కు వెళ్లాలంటే 5 ఏళ్లు, 2,000 గంటలు బోధించాలి. మైనర్ దారివాళ్లకు 3 ఏళ్లు, 1,200 గంటలు. 2 నుంచి 1కి మళ్లీ 5 ఏళ్లు, 2,000 గంటలు. ఒక ఏడాదిలో 100 గంటలు లేదా 15 వారాలు చెబితే దాన్ని ఒక సంవత్సరంగా లెక్కిస్తారు. కాబట్టి ఏళ్లు సులువుగా నిండుతాయి, గంటలే నిండవు. వారానికి 4 గంటల చొప్పున 15 వారాల సెమిస్టర్లు రెండు చెబితే ఏడాదికి 120 గంటలు. ఆ లెక్కన 2,000 చేరడానికి దాదాపు 17 ఏళ్లు. అయిదేళ్లలో ముగించాలంటే ఏడాదికి 400 గంటలు కావాలి. ఇంట్లో చెప్పే ట్యూషన్లు ఇందులోకి రావు. యూనివర్సిటీలు, విదేశాల్లో కొరియన్ నేర్పే కింగ్ సెజోంగ్ ఇన్‌స్టిట్యూట్‌ల వంటి గుర్తింపున్న చోట్ల చెప్పినవే చెల్లుతాయి. తేదీలు, వారాలు, గంటలు అన్నీ రాసిన అనుభవ పత్రాన్ని ప్రతి ఏడాది చివర్లో తీసుకోండి. ఉద్యోగం మారాక అడిగితే గంటల రికార్డు దొరకడం కష్టం.

చైనీస్ బోధన వైపు వెళ్లేవాళ్లకు

చైనాలో దీనికి సమానమైనది అంతర్జాతీయ చైనీస్ ఉపాధ్యాయ సర్టిఫికెట్. 2020లో ఏర్పడిన చైనా విద్యాశాఖ భాషా సహకార కేంద్రం దీన్ని చూస్తుంది. అక్కడ గ్రేడ్లు లేవు, పరీక్షే ప్రధానం. రాత పరీక్ష 155 నిమిషాలు, 150 ప్రశ్నలు, పాసవ్వడానికి 90 మార్కులు. పాసైన ఫలితం రెండేళ్లు చెల్లుతుంది, ఆలోపు ఇంటర్వ్యూ పూర్తి చేయాలి. ఇంటర్వ్యూకు ముందు 30 నిమిషాలు తయారీకి ఇస్తారు, తర్వాత 25 నిమిషాల్లో పాఠం ఎలా చెప్పబోతున్నారో వివరించడం, 7 నిమిషాల నమూనా పాఠం, చైనీస్‌లోనూ మరో భాషలోనూ ప్రశ్నోత్తరాలు ఉంటాయి. 7 నిమిషాల్లో అయిదు దశలూ పట్టవు. ఒకే వ్యాకరణ అంశం తీసుకుని బోర్డు మీద రెండు వాక్యాలు రాసి అభ్యాసం దాకా వెళ్లడం సాధన చేయండి. ఈ సర్టిఫికెట్ గడువు 5 ఏళ్లు.